పక్కకు చాచిన అద్దాలు

బ్రోకెన్ హిల్,
8 మార్చి 1987

ఒరేయ్ క్లారీ,

నీ ఉత్తరం అందింది. మరదలు హిల్డా మోకాలి నొప్పి తగ్గిందట, సంతోషం. నీ టమాటాలకు పురుగు పట్టిందట, దానికి నేను చేయగలిగింది లేదు. ఇక చివరి పేజీలో నువ్వు మెల్లగా దూర్చిన సంగతికి వస్తాను. మీ బావ లెస్ పోయాక ఆ చక్రాల ఇల్లు, కారవాన్, పెరట్లో ఎండకు పాడైపోతోంది, మీ అల్లుడు డారిల్‌కు చేపల వేటకు పనికొస్తుంది, వాడే వచ్చి పట్టుకుపోతాడు అన్నావు. ఎంత దయరా నీది!

ఇవ్వను.

దాంతో నాకు పని ఉంది. నేనే కారుకు తగిలించి లాక్కుపోతాను. నువ్వు నవ్వుతావని తెలుసు. లెస్ ఉన్నన్నాళ్లూ ఆయన నడిపేవాడు, నేను పక్కన మ్యాపు పట్టుకుని ఫ్లాస్కులోంచి టీ పోసేదాన్ని. "ఒక్కసారి నేను లాగుతానయ్యా" అంటే, "నీకెందుకే శ్రమ" అనేవాడు. అది ప్రేమో భయమో ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. కానీ యుద్ధం రోజుల్లో మగాళ్లంతా పోతే గోధుమల లారీ నడిపిందెవర్రా? బస్తాల మీద కూచుని ఈలలేసిందెవరు?

ఒక్కటే చిక్కు. నిన్న కారవాన్ తగిలించి, డ్రైవరు సీట్లో కూచుని అద్దంలోకి చూస్తే, నేను కుట్టిన పసుప్పచ్చ కర్టెన్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. కారవాన్ కారు కంటే వెడల్పు కదా, అటూ ఇటూ పొడుచుకొస్తుంది. వెనక లారీ వస్తోందో ఒంటె వస్తోందో తెలిసే దారి లేదు. లెస్ వాడిన పక్కద్దాల జత షెడ్డులో ఉంది గానీ, ఒకటి పగిలింది, రెండోది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కొత్తవి కొనాలి. కారు అద్దానికే పట్టీలతో కట్టేవి ఉన్నాయట, తలుపుకు బిగించేవి ఉన్నాయట. జీవితమంతా లారీలు నడిపినవాడివి, ఏవి కొనాలో చెప్పు.

ఇట్లు,
సలహా అడిగింది అద్దాల గురించే అని గుర్తుచేస్తూ,
మీ అక్క డల్సీ


మర్రీ బ్రిడ్జ్,
15 మార్చి

డల్సీ అక్కకు,

నీకు కావలసింది అద్దాలు కాదు. కూచోబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పేవాళ్లు కావాలి. అమ్మానాన్నలు లేరు, బావ లేడు, కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

గోధుమ బస్తాలు వేరు, కారవాన్ వేరు. బస్తాలు గాలికి ఊగవు. కారవాన్ లోపల డొల్ల, బయట గోడ. ఎదురుగా మూడు ట్రైలర్లు లాగే లారీ, అదే రోడ్ ట్రైన్, వచ్చిందంటే, దాని గాలికి నీ బండి ముందు అవతలికి పోతుంది, మరుక్షణం ఇవతలికి లాగుతుంది. నువ్వు భయపడి బ్రేకు తొక్కుతావు. అంతే. అలా బోల్తా పడినవాటిని ఎన్నో చూశాను. కంచె తీగలకు దుప్పట్లు, పెళ్లి ఫోటోలు వేలాడుతూ ఉంటాయి. నిన్ను అలా చూడటం నావల్ల కాదు.

డారిల్‌కు ఇచ్చెయ్. వాడు మంచివాడు. పెళ్లాం వదిలేసి పోయినా మా ఇద్దరి లారీల పని ఒక్క రోజు ఆపలేదు. రోండా సంగతి మాత్రం నువ్వు ఎత్తకు. ఎవడికోసమో కాపురం కాలదన్ని, ఇద్దరు పిల్లల్ని ఈడ్చుకుపోయిన కూతురు నాకు లేదు. ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. దానికి ఎవరు చెయ్యందించినా వాళ్లు నా గడప తొక్కనక్కర్లేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, కొనమని కాదు. పట్టీలవి వద్దు, వేగానికి వణుకుతాయి. తలుపుకు బిగించి, కింద ఊతకాలు ఉన్నవి మేలు. ఉబ్బెత్తు అద్దం అబద్ధాలాడుతుంది, మీదికొచ్చిన లారీని కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టు చూపిస్తుంది. డ్రైవరు వైపు చదునుదే ఉండాలి. అద్దం లోపలి అంచున కారవాన్ గోడ సన్నని పట్టీలా కనబడాలి, మిగిలిందంతా రోడ్డే. అయినా నీకెందుకు ఇవన్నీ.

తమ్ముడు,
క్లారెన్స్


బ్రోకెన్ హిల్,
29 మార్చి

క్లారెన్స్ గారికి (ఇంత కోపంగా పూర్తి పేరు సంతకం పెట్టావు కదా, అందుకని),

నీ సలహా బంగారం. కానీ అది అందేలోపే నేను పట్టీలవి కొనేశాను. చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి, ఇట్టే కట్టేయొచ్చు అన్నాడు దుకాణంవాడు. మెనిందీ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. కాస్త వేగం అందుకోగానే అద్దంలో లోకమంతా జెల్లీలా వణకసాగింది. వెనక వచ్చేది కారో గుర్రమో పోల్చుకోలేకపోయాను. ఇంకొంచెం వేగం పెంచేసరికి ఎడమవైపుది పట్టీ జారి, గింగిరాలు తిరుగుతూ పోయి పొదల్లో పడింది. అక్కడున్న ఈమూ పక్షి దాంట్లో ముఖం చూసుకుని బెదిరి పారిపోయింది. నేను బండి ఆపి కడుపుబ్బ నవ్వాను. లెస్ పోయాక అలా నవ్వడం అదే మొదలు.

తర్వాత నెవిల్ దగ్గరికి వెళ్లాను. కారవాన్ల యార్డు ఆయనదే. నువ్వు చెప్పినట్టే తలుపుకు బిగించే జత ఇచ్చాడు, ఊతకాలుతో సహా. కాలి కింద రబ్బరు బిళ్ల ఉంటుంది, తలుపు రంగు గీసుకుపోకుండా. మరలు ఎంత బిగించాలో కూడా చూపించాడు. మరీ బిగిస్తే రేకు సొట్టపోతుంది, వదులైతే వణుకుతుంది. ఒక్కరే సరిచేసుకోవడం కష్టమట. నేను సీట్లో కూచుంటే ఆయన కారవాన్ వెనక నిలబడి గిన్నెలు తుడిచే గుడ్డ ఊపాడు. "కనబడ్డానా?" "లేదు." "ఇప్పుడు?" "చెయ్యి కనబడింది, నువ్వు లేవు." ఊళ్లోవాళ్లంతా మమ్మల్నే చూశారు.

ఇప్పుడు సాయంత్రాలు గుర్రప్పందేల మైదానంలో వెనక్కి నడపడం నేర్చుకుంటున్నాను. చక్రం కుడికి తిప్పితే కారవాన్ ఎడమకు పోతుంది, అచ్చం నీలాగే. నెవిల్ ఓపిక మెచ్చుకోవాలి. పీటర్‌బరో ఊరి దాకా తోడు వస్తానన్నాడు. సరేనన్నాను. డారిల్‌కు చెప్పు, నా గేటు దగ్గర కనబడితే నీళ్ల పైపుతో స్వాగతం చెబుతానని.

డల్సీ


మర్రీ బ్రిడ్జ్,
4 ఏప్రిల్

అక్కా,

ఎవడీ నెవిల్?

బావ సమాధి మట్టి ఆరకముందే గుడ్డలు ఊపుకోవడాలూ, సాయంత్రాలు మైదానాలూ, పీటర్‌బరో దాకా తోడూ! హిల్డాకు చదివి వినిపించాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకేం వినబడలేదు" అంది. కారవాన్ ఎందుకు ఇవ్వనన్నావో ఇప్పుడు అర్థమైంది. ఈ వయసులో నలుగురూ నవ్వే పని చేస్తావా?

వచ్చే శనివారం డారిల్ వస్తాడు. వాడికి నేను మాటిచ్చాను. లారీల వాళ్లం, మాటే మాకు ఆస్తి. కారవాన్ అప్పగించి, ఆ నెవిల్‌కు ఓ దండం పెట్టి, వారం రోజులు మా ఇంటికి వచ్చి ఉండు. ఎర్ర గది సర్దించాను.

క్లారీ


రోడ్డు పక్కన,
13 ఏప్రిల్

క్లారీ,

నీ డారిల్ వచ్చాడు. అక్కడినుంచీ చెబుతాను.

శనివారం పొద్దున్నే కారవాన్ తగిలించుకుని, ఇంజను వేసి కూచున్నాను. ఎడమవైపు అద్దంలో వాడు కనబడ్డాడు. ముందుకొచ్చి పలకరించలేదు. వంగి, కారవాన్ గోడకు ఒరుసుకుంటూ, కారుకు తగిలించే కొండీ దగ్గరికి వస్తున్నాడు. చేతిలో స్పానరు. కారు అద్దమొక్కటే ఉంటే నాకు కర్టెన్లే కనబడి ఉండేవి. కిటికీ దించి, వెనక్కి తిరక్కుండానే అన్నాను.

"డారిల్, ఆ స్పానరు కింద పెట్టు."

గతుక్కుమన్నాడు. తర్వాత నవ్వుతూ వచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు.

"అత్తయ్యా, మామ మాటిచ్చాడు."

"మీ మామ మాట మీ మామ పెరట్లో చెల్లుతుంది. ఇది నా పెరడు."

"సరే, కారవాన్ నువ్వే ఉంచుకో. అది ఎక్కడుందో చెప్పు చాలు."

"ఏది?"

"నాటకాలొద్దు. రోండా ఎక్కడుందో నీకు తెలుసు. చెప్పు."

చూశావా? వాడికి కావలసింది కారవాన్ కాదురా. నేను కారు కదిలించాను. వాడు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. వీధి వీధంతా బయటికి వచ్చింది. చూసేవాళ్లుంటే డారిల్ మంచివాడే. నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు. చాలా దూరం దాకా నా అద్దాల్లో చూస్తూనే ఉన్నాను. వెంట రాలేదు.

ఇప్పుడు విను. రోండా ఎవడికోసమూ పోలేదు. డారిల్ దాని చెయ్యి విరగ్గొట్టి, కట్టు విప్పేదాకా మీ కంట పడనివ్వలేదు. వీలు దొరకగానే అది పోయింది. మెట్ల మీద జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పింది, వాడు పక్కనే నిలబడి ఉన్నాడు కాబట్టి. ఫోన్ నాకు చేసింది, వాళ్లమ్మకు కాదు. ఎందుకంటే మీ ఇంట్లో ఫోన్ ఎత్తేది నువ్వు. ఇప్పుడు చేపలు కోసే షెడ్డులో పనిచేస్తూ, ఆ వెనకే ఉన్న రేకుల గదిలో పిల్లలతో ఉంటోంది. వానొస్తే మంచం ఏ మూలకు జరపాలో ఆ పిల్లలకు బాగా తెలుసట. అందుకే నా మేనకోడలికి ఇల్లు లాక్కుపోతున్నాను. అడ్డం వస్తే రా, చూస్తాను.

ఏ ఊరో రాయను. పోస్టు ముద్ర చూసి లెక్కలు కట్టకు, దీన్ని ఓ లారీ డ్రైవరు చేతికిచ్చి ఇంకెక్కడో వేయిస్తున్నాను. జవాబు రాయాలనిపిస్తే నెవిల్ ఇంటికే రాయి. వాళ్లావిడ జాయిస్ నాకు పంపుతుంది. అవును, ఆయనకు పెళ్లాం ఉంది. నాకు వెనక్కి నడపడం నేర్పింది ఆవిడే. పీటర్‌బరో దాకా నా పక్కన కూచుని, "నెవిల్‌ను నమ్మకు, అద్దాన్ని నమ్ము" అంటూ వచ్చింది. ఆయన వెనక తన కారులో. నీకు ముందే చెప్పొచ్చు. కానీ నువ్వు ఉడికిపోతుంటే నాకు సరదాగా అనిపించింది.

ఎర్ర గదిని దులిపి మూసెయ్. నేను రాను.

డల్సీ


మర్రీ బ్రిడ్జ్,
20 ఏప్రిల్

అక్కా,

డారిల్ తిరిగొచ్చి, నువ్వు వాణ్ని బండితో గుద్దబోయావని చెప్పాడు. నీకు మతి చలించిందన్నాడు. రోండా చెప్పినవన్నీ కట్టుకథలన్నాడు. ఒక పక్క మాటే విని నువ్వు తీర్పు చెప్పడం న్యాయం కాదు. వాడు నాతో పదేళ్లుగా పనిచేస్తున్నాడు. వాడి చేతుల మీద నేను కోపం చూడలేదు.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. మళ్లీ తీశాను.

క్రిస్మస్ నాడు రోండా ఎడమచేత్తో టీ పోసింది. కెటిల్ బరువుకు చెయ్యి ఆగక, నా ప్యాంటు మీద ఒలికింది. నేను కసిరాను. "సరిగ్గా పట్టుకోవడం కూడా రాదా" అన్నాను. అది నవ్వింది.

విరిగింది ఏ చెయ్యి?

క్లారీ


(ఊరు రాయను)
28 ఏప్రిల్

క్లారీ,

కుడి.

ఇక్కడికి ఎలా చేరానో చెబుతాను. పోర్ట్ అగస్టా దాటాక నువ్వన్న రోడ్ ట్రైన్ వచ్చింది. నువ్వు చెప్పినట్టే కారవాన్ ముందు అవతలికి పోయింది, తర్వాత ఇవతలికి లాగింది. బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, చక్రం గట్టిగా పట్టుకుని, నిన్ను నానా తిట్లూ తిట్టాను. బండి దానంతటది సర్దుకుంది. కానీ ఆ గాలికి కుడి అద్దం చెయ్యి మడతపడి నా ముఖమే నాకు చూపిస్తోంది. జుట్టంతా రేగి, నోరు తెరుచుకుని, అచ్చం మనమ్మ!

వెడల్పు చోటు చూసి ఆపాను. గుడ్డ ఊపడానికి ఎవరూ లేరు. నా టోపీని కారవాన్ వెనక మూలన వేలాడదీసి, సీట్లోకి వెళ్లి చూసి, మళ్లీ దిగి అద్దం తిప్పి, మళ్లీ వెళ్లి చూసి, ఎండలో ఎన్నిసార్లు తిరిగానో. టోపీ అంచు కనబడ్డాక మర బిగించాను. ఆ పూట నాతో నేను పోట్లాడుకుని గెలిచాను. ఆ తర్వాత నా వెనక చాలా కార్లు చేరితే, వాటిని అద్దంలో చూసి పక్కకు తీసి దారిచ్చాను. ఒక్కొక్కరూ చెయ్యి ఊపి పోయారు. లెస్ ఎప్పుడూ దారిచ్చేవాడు కాదు.

రోండా షెడ్డులోంచి రబ్బరు ఏప్రన్‌తో వచ్చింది, చేతుల నిండా పొలుసులు. నన్ను చూసి, కారవాన్‌ను చూసి, మొహం ఎర్రబడింది.

"జాలిపడి తెచ్చావా అత్తా?"

"కాదే. కోపంతో తెచ్చాను."

"ఎవరి మీద?"

"వరస పెద్దది. టీ పెట్టు, చెబుతాను."

అయినా తీసుకోనంది. ఒకరి దయ మీద బతికింది చాలంది. మన నాన్న పెంకితనమే. నీకూ అదేగా వచ్చింది. పిల్లలు అప్పటికే లోపలికి దూరి, పైపడక నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. వాళ్ల అరుపులు విని అది మెట్టు మీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఒక షరతు. దీన్ని లాగడం నాకు నేర్పాలి. ఎవరు వస్తున్నారని తెలిసినా, నా ఇంటిని నేనే లాక్కుని పోగలగాలి" అంది.

నేర్పుతున్నాను. విరిగిన చెయ్యి సరిగ్గా అతకలేదు, చక్రం తిప్పేటప్పుడు పళ్లు బిగిస్తుంది. సముద్రం ఒడ్డున ఖాళీ స్థలంలో నేను గుడ్డ ఊపుతాను, అది వెనక్కి వస్తుంది. నాకంటే దానికే తొందరగా పట్టుబడింది. కారవాన్ వదిలి ఊళ్లోకి వెళ్లేటప్పుడు అద్దాలు విప్పి లోపల పెట్టాలని, లేకపోతే సందుల్లో జనానికి తగులుతాయని కూడా అదే గుర్తుచేస్తోంది.

నీ ప్రశ్న దానికి చూపించాను. చదివింది. కుడిచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని పనిలోకి పోయింది.

డల్సీ


మర్రీ బ్రిడ్జ్,
4 మే

డల్సీ అక్కకు,

డారిల్ యార్డులో టైరు మారుస్తుంటే వెళ్లి అడిగాను.

"రోండా చెయ్యి ఎందుకు విరగ్గొట్టావురా?"

తల ఎత్తకుండానే అన్నాడు, "ఎప్పుడు?"

అక్కా, వాడు తెలియక అనలేదు. ఏ సారి గురించి అడుగుతున్నానో తెలియక అన్నాడు. అన్నాక వాడికీ అర్థమైంది. లేచి నిలబడ్డాడు. నేను ముసలాణ్ని, వాడు దున్నపోతులా ఉంటాడు. అయినా నా చేతిలో జాకీ రాడ్డు ఉంది, వాడు చూశాడు. "నా యార్డులోంచి నడు" అన్నాను. "లారీల్లో సగం నాది" అన్నాడు. "కోర్టులో తేల్చుకుందాం, ముందు నడు" అన్నాను. వెళ్లాడు. లారీల తలుపుల మీద ఇద్దరి పేర్లూ రాయించాను కదా, వాడి పేరు మీద నేనే రంగు పూశాను. వంకరగా వచ్చింది. ఉండనీ.

ఇంటికొచ్చి హిల్డాకు చెప్పాను. అది చేస్తున్న పని ఆపలేదు. "నాకు క్రిస్మస్ నుంచీ తెలుసు" అంది. మరి నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు నమ్ముతావా?" అంది. ఇప్పుడు పెట్టె సర్దుకుని హాల్లో కూచుంది. నేను తీసుకెళ్లకపోతే బస్సులో పోతుందట, ఊరి పేరు తెలియకపోయినా. సముద్రం ఒడ్డంటా వెతుక్కుంటుందట.

ఊరి పేరు చెప్పు. రోండాను ఇంటికి తీసుకొచ్చేస్తాను. దాని గది దానికే ఉంది. బడి దగ్గరే. నేనున్నాను కదా, ఇక భయం దేనికి?

క్లారీ


సెడూనా,
11 మే

క్లారీ,

ఊరి పేరు పైన రాశాను. రాయమన్నది నేను కాదు, రోండా. నీ ఉత్తరం చేపల బల్ల మీదే పెట్టుకుని చదివింది. యార్డు సంగతి రెండుసార్లు చదివింది. "తీసుకొచ్చేస్తాను" అన్న దగ్గర నవ్వింది. నువ్వు రాసిన ఆ టీ ఒలికినప్పటి నవ్వు కాదిది, ఇది వేరు.

"తీసుకొచ్చేయడానికి నేను కారవాన్‌నా అత్తా?" అంది.

కాబట్టి విను. అది రాదు. ఇక్కడ పని ఉంది, పిల్లలు బళ్లో చేరారు, పోలీసులకు డారిల్ గురించి కాగితం రాసిచ్చింది. కుడిచేత్తో రాసింది. నిన్న ఆదివారం కారవాన్‌ను అదే లాగింది. రేకుల గది పక్కనుంచి తీసి, సముద్రం ఒడ్డు రోడ్డు మీదుగా చెట్ల మధ్య ఉన్న మంచి చోటికి చేర్చింది. నేను పక్కన కూచుని నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో నీకు తెలుసు. వెనకనుంచి పెద్ద లారీ వచ్చింది. దాని వైపు అద్దంలో ఒక్కసారి చూసింది, అంతే. దాని దారిన దాన్ని పోనిచ్చి, తన దారిన తను నడిపింది.

నేను వచ్చే నెల కారు తీసుకుని బ్రోకెన్ హిల్ వెళ్తాను. వెనక ఏమీ ఉండదు. చిన్న కారవాన్ ఒకటి నెవిల్ యార్డులో ఉందట, జాయిస్ రాసింది. నా కోసం అట్టిపెట్టమన్నాను. ఈసారి ఎవరికీ ఇవ్వను, ఎవరికోసమూ పోను. పడమటికి పోతాను, రోడ్డు ఉన్నంతదూరం. నువ్వు తల పట్టుకో.

ఇక మీ రాక సంగతి. హిల్డాకు లోపల పడక ఉంది. వాళ్లమ్మ ఎప్పుడొచ్చినా తలుపు తీస్తానంది రోండా. నీ గురించి అడిగితే ఇలా రాయమంది, ఒక్క మాట మార్చొద్దంది:

"నాన్నను రమ్మను. తలుపు తోసుకుని రావద్దను. తట్టి ఆగమను. నాకు తీయాలనిపించినప్పుడు తీస్తాను."

నువ్వు పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను, ఏ తలుపు ముందూ ఆగి ఎరగవు. వచ్చి ఆగు.

మీ అక్క
డల్సీ